వైన్ తాగని వాళ్ళం, ద్రాక్షతోటల ఊరికి వెళ్ళొచ్చా?

ప్రశ్న: మా అమ్మాయి పారిస్‌లో చదువుకుంటోంది, సెప్టెంబర్ చివర్లో మేమిద్దరం వెళ్తున్నాం. నది ఒడ్డున పాత ఊరు, చుట్టూ ద్రాక్షతోటలు చూడాలని నా కోరిక. మావారేమో తాగని వాళ్ళకి అక్కడేం పని అంటున్నారు, ఆయనకి మోకాళ్ళ నొప్పి కూడా. మేం శాకాహారులం. ఏ ఊరు బాగుంటుంది?
– ఒక పాఠకురాలు, హనుమకొండ

జవాబు: షినోన్ వెళ్ళండమ్మా. వియెన్ నది ఒడ్డున చిన్న ఊరు, పారిస్ నుంచి టీజీవీ అనే హైస్పీడ్ ట్రైన్‌లో టూర్ అనే ఊరి దాకా వెళ్ళి అక్కడ లోకల్ ట్రైన్ మారాలి. ఒక్కరోజులో నాలుగు కోటలు చూపించే బస్ టూర్లు మాత్రం వద్దు, కనీసం ఒక రాత్రి ఊళ్ళోనే ఉండండి.

కొండమీద కోట ఉంది, మెట్లెక్కక్కర్లేదు, ఊళ్ళోంచి పైకి లిఫ్ట్ ఉంది. ఇంగ్లీషువాళ్ళతో పోరాడిన పల్లెటూరి అమ్మాయి జోన్ ఆఫ్ ఆర్క్ 1429లో ఇక్కడికే వచ్చి, అప్పటికింకా పట్టాభిషేకం కాని ఫ్రాన్స్ రాజు ఏడో చార్లెస్‌ని కలిసింది. వాళ్ళు కలిశారని చెప్పే పెద్ద హాలుకి ఇప్పుడు పైకప్పూ లేదు నేలా లేదు, గోడకి ఎత్తులో పాత ఫైర్‌ప్లేస్ ఒక్కటే మిగిలింది, అక్కడ కాసేపు నిలబడండి, నాకైతే ఊరంతటిలో అదే ఇష్టం.

ఇక మీవారి ప్రశ్న. ఆ కొండంతా మెత్తటి తెల్లసున్నపురాయి, దాన్ని తవ్వే కోటా ఇళ్ళూ కట్టుకున్నారు, తవ్విన సొరంగాలేమో వైన్ నిలవచేసే గుహలయ్యాయి, ఎండాకాలమైనా లోపల పన్నెండు డిగ్రీలే ఉంటుంది కాబట్టి స్వెటర్ మర్చిపోకండి. తాగకపోయినా ఇది చూడాల్సిందే. రుచి చూసిన వాళ్ళు కూడా చాలామంది మింగరు, ఉమ్మేయడానికి పాత్ర పెడతారు, కాబట్టి మీరు వద్దన్నా ఎవరూ ఏమీ అనుకోరు. ఇక్కడ ఎక్కువగా కాబెర్నే ఫ్రాంక్ అనే నల్లద్రాక్షే. నది పక్క గులకనేలలో పండితే తేలిక వైన్, సున్నపురాయి వాలుల్లో పండితే ఏళ్ళు నిలవుండే వైన్. తోటలకైతే క్రావాన్-లే-కోతో వైపు వెళ్ళండి, ఆ టైంకి కోతలు జరుగుతుండొచ్చు.

తిండికి భయం లేదు. ఫుయే అని పూరీలా పొంగే రొట్టె దొరుకుతుంది, వేడివేడిగా చీల్చి తెల్ల చిక్కుడుగింజలో మేకపాల చీజో కూరి ఇస్తారు, మాంసం కూడా పెడతారు కాబట్టి ముందే చెప్పాలి. సాంత్-మోర్ చీజ్ కూడా తినండి, పైన బూడిద పూత, మధ్యలో గడ్డిపోచ ఉంటుంది, పోచ తీసేసి తినాలి. పాలు గడ్డకట్టడానికి జంతువుల కడుపులోంచి తీసే రెన్నెట్ వాడతారు, అది పట్టింపైతే చీజ్ వద్దు.

కోతలప్పుడు చిన్న తోటల వాళ్ళు బిజీగా ఉంటారు, వెళ్ళేముందు మీ అమ్మాయి చేత ఒక ఫోన్ చేయించండి.