రెండు యూనివర్సిటీల మధ్య ఏటా చదరంగం పోటీ ఎలా మొదలైంది? నెల్లూరు, ఒంగోలు మధ్య పెట్టగలమా?

తప్పకుండా పెట్టవచ్చు. ఇలాంటి పోటీల్లో అన్నిటికన్నా పేరున్నది ఇంగ్లండ్‌లో ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్‌ల మధ్య జరిగేది. 1869లో ఆక్స్‌ఫర్డ్ విద్యార్థులు చదరంగం క్లబ్బు పెట్టుకున్నారు. దాని స్థాపకుల్లో రాండల్ఫ్ చర్చిల్ ఒకరు, అంటే తర్వాతి కాలపు ప్రధాని విన్‌స్టన్ చర్చిల్ తండ్రి. 1873లో రెండు జట్లూ లండన్‌లో తొలిసారి ఎదురెదురుగా కూర్చున్నాయి. ఆ పోటీ నేటికీ సాగుతోంది.

నన్ను ఎక్కువగా ఆకట్టుకునేది అందులో ఆడినవారి తర్వాతి జీవితం. కేంబ్రిడ్జ్ తరఫున ఆడిన అలెగ్జాండర్, మిల్నర్ బారీ రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటన్ సంకేత ఛేదన కేంద్రమైన బ్లెచ్‌లీ పార్కులో జర్మన్ల రహస్య సంకేతాలను ఛేదించినవారిలో ముఖ్యులు.

అమెరికాలో 1892 నుంచి కొలంబియా, హార్వర్డ్, యేల్, ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయాలు చదరంగంలో తలపడ్డాయి.

లెక్క సులభం. ప్రతి జట్టూ తన ఆటగాళ్లను బలాన్ని బట్టి వరుసలో నిలుపుతుంది. మొదటివారు మొదటివారితో, రెండోవారు రెండోవారితో ఆడతారు. గెలుపుకు 1, డ్రాకు అర పాయింటు. మొత్తం ఎవరికి ఎక్కువైతే వారిదే విజయం.

ఇక మన సంగతి. నెల్లూరులో విక్రమ సింహపురి విశ్వవిద్యాలయం 2008లో, ఒంగోలులో ఆంధ్రకేసరి విశ్వవిద్యాలయం 2022లో ఏర్పడ్డాయి. రెండూ ఒకే జాతీయ రహదారి మీది ఊళ్లు, రైలులోనూ తేలిగ్గా చేరుకోవచ్చు. అంతర విశ్వవిద్యాలయ టోర్నీల్లో చాలా జట్లు ఒకేసారి ఆడతాయి, కానీ ఇద్దరు పొరుగువారి మధ్య ఏటా తేదీ తప్పని పోటీకి ఉండే పట్టుదల వేరు. జట్టుకు ఎనిమిది మంది అనుకుంటే ఎనిమిది బల్లలు, ఎనిమిది చదరంగం గడియారాలు, ఒక మధ్యవర్తి చాలు. ఒక ఏడాది అక్కడ, ఒక ఏడాది ఇక్కడ పెట్టుకోండి. మొదటి ఏడాది నుంచే ప్రతి ఆట ఎత్తులూ రాయించి భద్రపరచండి.