నంది నాటకోత్సవానికి మొదటిసారి నాటిక పంపుతుంటే

మీ నాటక సమాజం ఈసారి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం జరిపే నంది నాటకోత్సవం పోటీలకు సాంఘిక నాటిక పంపాలనుకుంటోందని, న్యాయనిర్ణేతలు ముఖ్యంగా ఏం చూస్తారని అడిగారు. పరిషత్తుల నాటక పోటీల్లో చాలాకాలంగా వేషాలు వేస్తున్నాను, నంది పోటీల్లోనూ ఆడాను కాబట్టి నా అనుభవం చెబుతాను.

మొదటి బహుమతి అయిన స్వర్ణ నంది సంగతి తర్వాత, ముందు ప్రాథమిక పరిశీలన దాటాలి. ఎంట్రీ పంపిన ప్రతి నాటికా ఉత్సవంలో ఆడదు. పరిశీలక బృందం చూసి ఎంపిక చేసినవే తుది పోటీకి వెళతాయి. చాలామంది ఈ ప్రాథమిక పరిశీలనను రిహార్సల్ కింద జమకడతారు. "మ్యూజిక్ ఫైనల్స్‌కి చూసుకుందాంలే" అంటారు. అక్కడిదాకా వెళితే కదా! సెట్ సాదాగా ఉన్నా ఫరవాలేదు. పాత్రధారులు మాత్రం పూర్తిగా సిద్ధమై ఉండాలి.

ఇక్కడే అసలు చిక్కు. మన నాటకరంగంలో స్త్రీ పాత్రలు వేసేవాళ్ళు తక్కువ. ఒక్కొక్కరు మూడు నాలుగు సమాజాలకు ఆడుతుంటారు. రాత్రి ఒక ఊళ్ళో ప్రదర్శన ముగించి, తెల్లారి బస్సెక్కి, సాయంత్రానికి ఇంకో ఊళ్ళో ఇంకో పాత్రకు మేకప్ వేసుకునే ఆ శ్రమకు నేనైతే చేతులెత్తి దండం పెడతాను. కానీ ఆ నటి లేకుండానే మీరంతా రిహార్సల్స్ చేసేసి, ముందురోజు ఆమెను కలుపుకుంటే మాత్రం స్టేజీ మీద తెలిసిపోతుంది. భార్యాభర్తలు ఒకరి మొహం ఒకరు చూసుకోరు, ఇద్దరూ జనంతోనే మాట్లాడుతుంటారు. అందుకే హాలు కంటే ముందు ఆమె డేట్లు తీసుకోండి. పారితోషికం, ప్రయాణ ఖర్చులు ముందే మాట్లాడుకుని, స్క్రిప్టు చేతికివ్వండి.

ఇక మైకులు. పైనుంచి వేలాడే మైకు ఎక్కడుంటే మనవాళ్ళ కాళ్ళు అక్కడికే పోతాయి. మంచం మీద ఉన్న రోగి కూడా డైలాగ్ వచ్చేసరికి లేచి మైకు కిందకి వస్తాడు! ఎవరు ఎక్కడ నిలబడాలో దర్శకుడు వేసిన కంపోజిషన్ అంతా అక్కడే చెడిపోతుంది. మైకు లేకుండా చివరి వరుసకు వినపడేలా రిహార్సల్ చేయండి. మ్యూజిక్ ఆపరేటర్‌ను కూడా మొదటినుంచీ కూర్చోబెట్టండి. ఏడుపు సీన్‌లో వయొలిన్ పెంచేసి మాటను మింగేయడం నాకు అస్సలు నచ్చదు.

పద్యనాటకం, సాంఘిక నాటకం, సాంఘిక నాటిక, బాలల నాటిక, కళాశాల నాటిక వేర్వేరు విభాగాలు. నిడివి నిబంధన ఆ ఏడాది ప్రకటనలో చూసుకుని, గడియారం పెట్టుకుని ఆడి చూడండి.

1998లో ఈ నందులు మొదలైనప్పటినుంచి నాటకం వాళ్ళకు వీటి మీదున్న మోజు తగ్గలేదు. మధ్యలో ఉత్సవాలు ఆగిన ఏళ్ళు మాకు చాలా వెలితిగా ఉండేది. అందుకే 2023 డిసెంబరులో గుంటూరు వేంకటేశ్వర విజ్ఞాన మందిరంలో మళ్ళీ జరిగినప్పుడు ఎక్కడెక్కడి నాటకాల వాళ్ళో కనిపించారు.

మీరు ఎంపికైతే ఆడేసి వెంటనే బండెక్కకండి. ముఖ్యంగా పద్యనాటకాలు కూర్చుని చూడండి. ఊపిరి ఎక్కడ తీసుకుంటారో, మాటను ఎక్కడ ఆపుతారో గమనించండి. సాంఘికం ఆడేవాళ్ళకు అంతకన్నా మంచి పాఠం దొరకదు. స్క్రిప్టు ఖరారయ్యాక పాత్రలు ఎన్నో, అందులో స్త్రీ పాత్రలు ఎన్నో ఇక్కడ రాయండి. రిహార్సల్స్ ఎలా వేసుకోవాలో చెబుతాను.