క్లిప్పులు వేశాక పళ్ల వేర్లు పొట్టిబడ్డాయంటే క్లిప్పులు తీయించేయాలా?

అమలాపురంలో మీ పాపకి క్లిప్పులు వేసి ఏడాదైందని, ఎక్స్‌రేలో పై ముందు పళ్ల వేర్లు పొట్టిబడ్డాయన్నారని, క్లిప్పులు తీయించేయాలా అని అడిగారు. కంగారుపడి తీయించకండి. అలాగని తర్వాత చూద్దాంలే అనీ ఊరుకోకండి.

మాది పాలకొల్లు. మా అమ్మాయికీ ఇదే జరిగింది. డాక్టరుగారు మొదటి ఎక్స్‌రేని, మధ్యలో తీసినదాన్ని పక్కపక్కన పెట్టి చూపించారు. మొదటిదాంట్లో వేరు కొస సన్నగా మొనదేలి ఉంది. రెండోదాంట్లో అదే కొస మొండిగా, చెక్కేసినట్టు ఉంది. పిల్లకి మాత్రం నొప్పి లేదు, పన్ను కదల్లేదు. అందుకే ఇది ఎక్స్‌రే తీస్తే తప్ప తెలియదు.

క్లిప్పులు పన్నుని జరిపేటప్పుడు ఒకవైపు ఎముక కరిగి, రెండోవైపు కొత్తగా కడుతుంది. అలా కరిగించే కణాలే వేరు కొసని కూడా కొంత తినేస్తాయి. కొద్దిపాటి అరుగుదల చాలామందిలో ఉండేదే. 4 మిల్లీమీటర్లు దాటేది నూటికి 1 నుంచి 5 మందిలో. వేర్లు పుట్టుకతోనే సన్నగా ఉన్నా, ముందు పళ్లకి ఎప్పుడైనా దెబ్బ తగిలినా, పళ్లు పీకించి ఆ సందు మూస్తున్నా, వైద్యం ఏళ్లకేళ్లు సాగినా ముప్పు ఎక్కువ.

మా అమ్మాయికి క్లిప్పులు అలాగే ఉంచి, బలం పెట్టని తీగ వేసి, మూడు నెలలు పళ్లు లాగడం ఆపారు. మళ్లీ ఎక్స్‌రే తీసి, అరుగుదల ఆగిందని చూశాకే తేలిక తీగతో మొదలుపెట్టారు. ముందు అనుకున్నంత వెనక్కి లాగకుండానే ముగించారు. పళ్ల వరస నూటికి నూరుపాళ్లు రాలేదు, ఆ రాజీ మాకు సమ్మతమే. పోయిన వేరు తిరిగి పెరగదు గానీ, బలం తీసేస్తే అరుగుదల సాధారణంగా ఆగిపోతుంది. కేవలం దీనివల్లే పన్ను ఊడిపోవడం చాలా అరుదు.

మీ డాక్టరుగారిని సూటిగా అడగండి: ఎన్ని మిల్లీమీటర్లు తగ్గింది, లాగడం ఎప్పుడు ఆపుతారు, మళ్లీ ఎక్స్‌రే ఎప్పుడు? జవాబు తృప్తిగా లేకపోతే రెండు ఎక్స్‌రేలూ పట్టుకుని భీమవరం విష్ణు డెంటల్ కాలేజీలోనో, రాజమండ్రి జీఎస్‌ఎల్ డెంటల్ కాలేజీలోనో ఆర్థోడాంటిక్స్ (పళ్ల వరస సరిచేసే విభాగం) వాళ్లకి చూపించండి.

తేగలు, చెరకు, పచ్చి జామకాయ కొరకనివ్వకండి. బ్రాకెట్ (పంటికి అంటించిన చిన్న బిళ్ల) ఊడిన ప్రతిసారీ వైద్యం ఇంకొంత సాగుతుంది, మీ పాపకి ఇప్పుడు అదే పనికిరాదు. చిగుళ్లు మరీ ముఖ్యం అండీ. వేరు పొట్టిగా ఉన్న పంటికి చిగుళ్ల జబ్బు కూడా తోడైతే పట్టు తొందరగా పోతుంది. రాత్రి బ్రష్ మానకుండా చూడండి, క్లిప్పులు తీశాక పళ్లు మళ్లీ జరగకుండా పెట్టే రిటైనర్ ఇస్తే చెప్పినన్నాళ్లూ పెట్టించండి.