శరణార్థి, కాందిశీకుడు, గణాంకవేత్త

సందేహం: బ్రిటన్ ప్రభుత్వ గణాంకాల అధిపతిగా పనిచేసిన క్లాజ్ మోజర్ జీవితం మీద వ్యాసం రాసి, ‘శరణార్థి నుంచి సంఖ్యాశాస్త్రవేత్తగా’ అని పేరు పెట్టాను. శరణార్థి కాదు, కాందిశీకుడు అనాలని ఒక మిత్రుడు అంటున్నారు. ఏది సరి?

సమాధానం: మీ మిత్రుడు పట్టుకున్న మాటకంటే రెండో మాటతోనే ఎక్కువ ఇబ్బంది. వ్యుత్పత్తి చూస్తే ‘సంఖ్యాశాస్త్రం’లో తప్పేమీ లేదు. కానీ ఇవాళ ఆ మాట వినగానే జనానికి తోచేది పేరులో అక్షరాలు కూడి అదృష్టం చెప్పే విద్య. మీ శీర్షిక చూసినవారు మోజర్‌ను ఆ కోవలో చేర్చే ప్రమాదం ఉంది. పాఠ్యపుస్తకాల్లో సాంఖ్యకశాస్త్రం అనే పేరుంది, పత్రికల్లో గణాంకం స్థిరపడింది. కాబట్టి ‘గణాంకవేత్త’ అనండి. దాన్ని ‘గణకుడు’ అని మాత్రం కుదించకండి. గణకుడు అంటే లెక్కపెట్టేవాడు, పాత గ్రంథాల్లో జ్యోతిష్కుడు కూడా. అయితే మీ వ్యాసంలో ఆ మాటకూ ఒకచోట పని ఉంది. 1940లో లివర్‌పూల్ దగ్గరి హైటన్ యుద్ధకాలపు నిర్బంధ శిబిరంలో ఉన్నప్పుడు మోజర్ తోటివారి జనాభా లెక్క తీయడంలో సాయపడ్డాడు. అక్కడ ఆయన గణకుడే. 1967లో కేంద్ర గణాంక కార్యాలయానికి డైరెక్టర్ అయ్యేనాటికి గణాంకవేత్త. ఆ కార్యాలయం పేరుకు ముందు ‘బ్రిటన్’ అని తప్పక చేర్చండి, లేకుంటే మన దేశపు సంస్థ అనుకుంటారు.

ఇక కాందిశీకుడు. ‘కాం దిశం’ అంటే ఏ దిక్కుకు అని. ఎటు పోవాలో తెలియక భయంతో పరుగెత్తేవాడు కాందిశీకుడు, శరణు కోరేవాడు శరణార్థి. మొదటి మాట విడిచిన చోటును చూస్తుంది, రెండోది చేరిన చోటును. దేశవిభజన వేళ పాకిస్తాన్‌కు వెళ్లినవారు వదిలిన భూములను ‘కాందిశీకుల భూములు’ అంటున్నది అందుకే, ‘శరణార్థుల భూములు’ అంటే అర్థం తలకిందులవుతుంది. 1922లో బెర్లిన్‌లో యూదు కుటుంబంలో పుట్టిన మోజర్, నాజీల పాలన తప్పించుకుని 1936లో ఇంగ్లండ్ చేరాడు. మీరు చెబుతున్నది ఇంగ్లండ్ చేరాక నడిచిన బతుకు గనక శరణార్థి అన్నదే నప్పుతుంది. బెర్లిన్ విడిచిన ఘట్టం రాసేటప్పుడు కాందిశీకుడు అన్నా తప్పులేదు.

‘నుంచి ... గా’ అన్న కూర్పు తెలుగుకు బరువు. ‘శరణార్థిగా వచ్చి గణాంకాధిపతి అయినవాడు’ అంటే చాలు. ‘శరణార్థి ప్రభుత్వ గణాంకవేత్త’ అని సమాసం చేస్తే శరణార్థుల ప్రభుత్వమేదో ఉందనిపిస్తుంది.

మీ ప్రతిలో మరో మూడు చోట్ల దిద్దుబాటు కావాలి. హైటన్‌లో ఆయన్ను ‘ఖైదు చేశారు’ అన్నారు. నేరమూ లేదు, విచారణా లేదు, అది ‘నిర్బంధం’. యుద్ధకాలపు చట్టం ఆయన్ను ‘శత్రుదేశీయుడు’గా లెక్కగట్టింది, ‘శత్రువు’గా కాదు. ఆ ముద్ర ఎంతకాలం వెంటాడిందంటే, 1961లో అదే గణాంక కార్యాలయం ఆ కారణంతోనే ఆయనకు ఉద్యోగం నిరాకరించింది. అందుకని ఈ మాటను చాలా జాగ్రత్తగా వాడాలి.

మూడోది అన్నిటికంటే ముఖ్యం. 1970 జూన్ ఎన్నికల వారంలో వెలువడిన వాణిజ్య లెక్కలను ‘తప్పుడు గణాంకాలు’ అన్నారు. తప్పు వేరు, తప్పుడు వేరు. పొరపాటు జరిగితే అది తప్పు లెక్క, కావాలని వక్రీకరిస్తే తప్పుడు లెక్క. మోజర్ విషయంలో రెండూ కావు. మే నెలలో కొన్న రెండు జంబో జెట్ విమానాల ధర దిగుమతుల్లో చేరి 3.1 కోట్ల పౌండ్ల లోటు కనిపించింది. ప్రధాని హెరాల్డ్ విల్సన్ ఆ ఎన్నికల్లో ఓడిపోయారు. లెక్క సరైనదే, నెల మాత్రం అసాధారణమైనది. ‘తప్పుడు’ అంటే ఆ మనిషి నిజాయితీ మీదే నింద పడుతుంది. అక్కడ ‘అసాధారణ లోటు చూపిన లెక్కలు’ అని మార్చండి.