టేకాఫ్‌లో ఎడమకి లాగేస్తోంది అన్నావు కదా

ఒరేయ్ చిన్నోడా, సోలో (ఒక్కడివే తోలే రోజు) దగ్గరకొచ్చింది, టేకాఫ్ రోల్‌లో, అంటే రన్‌వే మీద పరిగెత్తేటప్పుడు, విమానం ఎడమకి పోతోంది మామయ్యా అన్నావు, ఫోన్లో చెప్తే సగం మర్చిపోతావని రాస్తున్నా.

అది లాగడంలో వింతేం లేదు. నువ్వు తోలే సెస్నా 172లో ప్రొపెల్లర్ మన సీట్లోంచి చూస్తే కుడివైపుకి తిరుగుతుంది, అది తోసే గాలి బాడీ చుట్టూ మెలి తిరుగుతూ వెళ్లి తోక మీద నిలువుగా ఉండే ఫిన్‌ని ఎడమ పక్క నుంచి కొడుతుంది, దాంతో తోక కుడికి, ముక్కు ఎడమకి. దాన్ని ఆపేది కుడి కాలు, అంటే కుడి రడ్డర్ పెడల్ (రడ్డర్ అంటే ఫిన్ వెనక కదిలే పలక). ఇంజిన్ టార్క్ (ప్రొపెల్లర్‌ని తిప్పేటప్పుడు విమానం మీద పడే ఎదురు మెలిక) వల్ల ఎడమ చక్రం మీద బరువు కూడా పెరుగుతుంది. ముక్కు ఎత్తాక కిందికి దిగే కుడి బ్లేడు ఎక్కువ లాగుతుంది కాబట్టి రొటేట్ చేసేటప్పుడు (లేవడానికి ముక్కు ఎత్తేటప్పుడు) కుడి కాలు ఇంకాస్త నొక్కాలి. యాక్-52 అనే రష్యా విమానం అయితే ప్రొపెల్లర్ తిరిగేదే ఉల్టా, అక్కడ ఎడమ కాలు.

థ్రాటిల్ (ఇంజిన్ పవర్ పెంచే నాబ్) ఒక్కసారి గుద్దేయకు, మూడు నాలుగు సెకన్లు తీసుకో, పవర్ పెరిగే కొద్దీ కాలు కూడా దాంతోనే వెళ్లాలి, ముక్కు కదిలాక కాదు. మడమలు నేల మీద, వేళ్లు పెడల్ పైభాగంలో ఉండే బ్రేక్ మీద ఉండకూడదు. చూపు రన్‌వే చివర, ముక్కు ముందు చూస్తే ఎప్పుడూ లేటే. కారు అలవాటుతో యోక్ (చేతిలో ఉండే స్టీరింగ్ లాంటిది) తిప్పుతారు చాలామంది, నేల మీద దాంతో విమానం తిరగదు రా.

ఎడమ నుంచి గాలి కొడితే ముక్కు గాలి వైపుకే తిరగాలని చూస్తుంది, అప్పుడు రెండూ కలిసి ఎడమకే. విమానాన్ని తిప్పడానికి కాదు గానీ, ఆ వైపు రెక్క లేవకుండా యోక్ మొత్తం గాలి వైపు పెట్టి స్పీడ్ వచ్చే కొద్దీ తగ్గించుకుంటూ రా. మాన్యువల్లో పక్కగాలి 15 నాట్లు (గంటకి సుమారు 28 కి.మీ.) అని ఉంటుంది, అది టెస్ట్ పైలట్ చేసి చూపించింది, నీకిప్పుడు అందులో సగం చాలు.

అసలు ప్రమాదం పక్కకి పోవడంలో లేదు, పోతున్నప్పుడు గడ్డిలోకి దిగుతామేమో అని భయపడి యోక్ లాగేయడంలో ఉంది. స్పీడ్ చాలకపోయినా గ్రౌండ్ ఎఫెక్ట్ (నేల దగ్గర రెక్కలకి దొరికే అదనపు ఆసరా) వల్ల విమానం లేస్తుంది, లేచి స్టాల్ అయ్యి, అంటే రెక్కలు మోయలేక, ఒక రెక్క పడిపోతుంది, పైగా ఫుల్ పవర్లో. గడ్డిలోకి మెల్లగా దిగితే మహా అయితే చక్రం పాడవుద్ది. అందుకే కాలితో ఆగకపోతే ఆలోచించకు, థ్రాటిల్ మొత్తం వెనక్కి, రడ్డర్‌తో సూటిగా పెట్టుకో, ఆ తర్వాతే బ్రేక్.

సీటు లాక్ పడిందో లేదో ముందుకీ వెనక్కీ ఊగి చూడు. పవర్ పెట్టగానే సీటు వెనక్కి జారితే కాలు పెడల్‌కి అందదు, చేయి యోక్‌ని పట్టుకుని వేలాడుద్ది. సెస్నా సీటు పట్టాలు చెక్ చేయాలని అమెరికా విమానయాన సంస్థ ఎఫ్ఏఏ 1987లో ఆర్డరే ఇచ్చింది, కాబట్టి నాదేదో చాదస్తం అనుకోకు.

ఖాళీ రన్‌వే దొరికితే ఇన్‌స్ట్రక్టర్‌ని పక్క సీట్లో కూర్చోబెట్టుకుని, లేచేంత స్పీడ్ రాకుండా సగం పవర్‌తో సెంటర్‌లైన్ మీద పోయి థ్రాటిల్ మూసేయడం కొన్నిసార్లు చెయ్యి. సోలో డేట్ ఖాయమయ్యాక చెప్పు.

మామయ్య