తేలికపాటి ప్రేమకథ రాస్తున్న తమ్ముడికి

తమ్ముడూ,

నీ కథ చదివాను. సంభాషణలు హాయిగా ఉన్నాయి, ఆ అమ్మాయి బస్టాండ్‌లో చిల్లర కోసం కండక్టర్‌తో పెట్టుకున్న గొడవ చదువుతూ నవ్వాను కూడా. అయితే సగం దాటాక ఆమె ఫోన్‌లో ఎవరితోనో మాట్లాడుతుంటే అబ్బాయి విని అపార్థం చేసుకుంటాడు, అక్కడి నుంచి చివరిదాకా కథంతా ఆ అపార్థం మీదే నడిచింది. ఎవరమ్మా ఫోన్‌లో అని ఒక్క మాట అడిగితే తేలిపోయేదానికి చదివేవాళ్లు అంతసేపు ఎందుకు ఓపిక పట్టాలి? పైగా ఉత్తరంలో "తేలిక కథే కదా అక్కా, లాజిక్ అంత అవసరమా" అన్నావు. నాకు నీతో పేచీ అంతా అక్కడే.

ఒక థాయ్ సీరియల్ చెబుతాను, తీరిక కుదుర్చుకుని చూడు. 2018లో వాళ్ల ఛానల్ 3లో వచ్చిన బుప్పేసన్నివాత్. బయటి దేశాల్లో లవ్ డెస్టినీ అంటారు. మొత్తం 15 ఎపిసోడ్లే. రోంపేంగ్ అనే రచయిత్రి నవల దానికి మూలం. అది వస్తున్న రోజుల్లో థాయ్ జనం పాతకాలం బట్టలు కట్టుకుని, వాళ్ల పాత రాజధాని అయుత్తయలోని వాట్ చైవత్తనారామ్ గుడికి గుంపులు గుంపులుగా వెళ్లి ఫొటోలు దిగారు. అంతగా మనసుకు పట్టింది వాళ్లకి.

కథ ఇదీ. కేదసురాంగ్ అని ఈ కాలపు అమ్మాయి, బొద్దుగా ఉంటుంది, గలగలా నవ్వుతుంది, ఆర్కియాలజీ చదువుకుంది. కారు ప్రమాదంలో చనిపోయి, కళ్లు తెరిచేసరికి 17వ శతాబ్దంలో, నారాయ్ రాజు ఏలుతున్న అయుత్తయలో, కారకేద్ అనే అందగత్తె ఒంట్లో ఉంటుంది. ఆ కారకేద్ సామాన్యురాలు కాదు. తనకు పెళ్లి నిశ్చయమైన డేత్ మనసు ఇంకో అమ్మాయి మీద ఉందని, ఆ అమ్మాయి ఎక్కిన పడవను ముంచేయించింది. ఆ అమ్మాయి బతికి బయటపడింది గానీ ఆమె పనిమనిషి ప్రాణం పోయింది. తప్పు చేసిందెవరో తేలాలని ఇంట్లోవాళ్లు కృష్ణకాళి మంత్రం చదివితే (పేరు మనకి ఎంత దగ్గరగా ఉందో చూడు) దాని దెబ్బకే కారకేద్ చచ్చిపోయింది.

ఇప్పుడు కేదసురాంగ్ పరిస్థితి ఆలోచించు. డేత్ ఆమెను అసహ్యించుకుంటే తప్పు పట్టగలవా? కాబోయే అత్తగారు చంపా కొరకొరా చూస్తే, ఆవిడ దుర్మార్గురాలని అనగలవా? ఎవరికి వాళ్లకి కారణం ఉంది, అందరి కారణమూ న్యాయమైనదే. ఈ పిల్లేమో నిజం చెప్పుకోలేదు, చెప్పినా నమ్మేవాళ్లు లేరు. ఒక్క మాటతో తీరే చిక్కు కాదిది, రోజూ ఆమె ఎలా బతుకుతోందో చూసి చూసి వాళ్ల మనసులు మారాలి. ఎపిసోడ్లు ఒక్కొక్కటీ గంటకు పైనే ఉన్నా విసుగు రాకపోవడం అందుకే.

పనిమనుషులు ఫిన్, యామ్ ఇద్దరినీ ప్రత్యేకంగా గమనించు. పాత యజమానురాలి చేత తిట్లూ దెబ్బలూ తిని బతికినవాళ్లు. కొత్తగా ఈమె నవ్వుతూ పలకరిస్తే సంతోషపడాల్సింది పోయి ఇంకా బెదిరిపోతారు, ఇప్పుడేం మూడిందిరా బాబూ అన్నట్టు ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. మనకు నవ్వు ఆపుకోవడం కష్టమవుతుంది. ఆ నవ్వుతోపాటే, కారకేద్ వీళ్లను ఎంత హింస పెట్టి ఉంటుందో కూడా తెలిసిపోతుంది, ఒక్క ఫ్లాష్‌బ్యాక్ అక్కర్లేకుండా. ఇలాంటి చూపు ఒకటి నీ కథలో పడాలి.

ప్రేమ పుట్టే తీరు కూడా చూడు. ఆమెకు తిండి యావ. ఏటి రొయ్యలు కాల్పించుకుంటుంది, పచ్చిమామిడి ముక్కలు తియ్యటి చేపల సాస్‌లో ముంచుకుని ఇష్టంగా తింటుంది, బొగ్గూ ఇసకా గులకరాళ్లూ వేసి నీళ్లు వడకట్టే ఏర్పాటు చేస్తుంది. డేత్ ఇదంతా మొదట అనుమానంగా చూస్తాడు, తర్వాత వింతగా, ఆ తర్వాత చూడకుండా ఉండలేక. నీ అబ్బాయి మూడో పేజీలోనే "నువ్వంటే నాకు ప్రాణం" అనేశాడు. ఆ మాట తీసెయ్. ముందు ఆమె ఏం తింటుందో, దేనికి చిరాకుపడుతుందో వాణ్ణి చూడనీ.

ఇంకో సంగతి. ఆ నారాయ్ రాజు కొలువులో ఫాల్కన్ అనే గ్రీకు దేశస్థుడు పెద్ద పదవిలో ఉండేవాడు. 1688లో రాజు జబ్బుపడ్డాక తిరుగుబాటు జరిగింది, అతన్ని చంపేశారు. అతని భార్య మరియా చరిత్రలో ఉన్న మనిషే, గుడ్డు సొనతో చేసే థాయ్ మిఠాయిలు కొన్ని ఆవిడ పేరుమీదే చెప్పుకుంటారు. సీరియల్‌లో మన అమ్మాయికి మరియాతో స్నేహం కుదురుతుంది, కానీ చరిత్ర చదివింది కాబట్టి స్నేహితురాలికి రాబోయేదేంటో ముందే తెలుసు. తెలిసీ కబుర్లు చెబుతూ, వండుకుని తింటూ ఉంటుంది. నవ్వుల కింద అంత దుఃఖం పెట్టి కూడా సీరియల్‌ని తేలిగ్గా నడిపారంటే, ఎంత పని చేసి ఉండాలి! నువ్వు లాజిక్ అవసరమా అని అడిగితే నాకు కోపం వచ్చింది ఇందుకే.

అలాగని థాయ్ సీరియల్ అనగానే అన్నీ నేర్చుకోదగ్గవి కావు. హీరో ఆడపిల్లను ఏడిపించి, చెయ్యి పట్టి లాగి, బలవంతంగా ముద్దుపెట్టుకుంటే అదే ప్రేమగా చూపించే రకం అక్కడ ఏళ్ల తరబడి నడిచింది. మన సినిమాల్లోనూ బోలెడంత ఉంది. దాని జోలికి పోకు, సరదా కోసం కూడా.

ముందు నీ ఫోన్ సీన్ కొట్టేసి, ఆ అబ్బాయి ఆమెకు దూరంగా ఉండటానికి నిజమైన కారణం ఒకటి వెతుకు. డబ్బో, మాట ఇచ్చి తప్పడమో, వాళ్ల అన్నకి జరిగిన నష్టమో, ఏదైనా సరే, విన్నవాళ్లు "అవును, వాడి స్థానంలో నేనున్నా అంతే" అనుకోవాలి. అది దొరికేదాకా మిగతా పేజీలు ముట్టుకోకు. దొరికాక ఒక్క సీనే రాసి పంపు, కథంతా వద్దు.

సీరియల్‌ని సబ్‌టైటిల్స్‌తో థాయ్‌లోనే చూడు, డబ్బింగ్‌లో వద్దు. కేదసురాంగ్, కారకేద్ ఇద్దరుగానూ వేసింది బెల్లా రానీ ఒక్కతే. అదే మొహం, అవే నగలు ఉన్నా గొంతు ఎత్తడంలో, నవ్వడంలో ఇద్దరినీ ఎలా వేరు చేసిందో వినాలి నువ్వు.

ఉంటాను,
అక్క