“మాకేం వద్దమ్మా” అనే అత్తయ్యకి క్రిస్మస్‌కి ఏం పెట్టాలి?

ప్రశ్న: మేం హైదరాబాద్‌లో ఉంటాం. నాకు 38 ఏళ్లు. పెళ్లయిన ఈ పదకొండేళ్లలో ప్రతి క్రిస్మస్‌కీ తెనాలి దగ్గర మా అత్తగారి ఊరికి వెళ్తున్నాం. అత్తయ్యకి 66 ఏళ్లు, షుగర్ ఉంది. మామయ్యకి 71, రిటైర్డ్ టీచర్. ఏటా అత్తయ్యకి పట్టుచీర, మామయ్యకి ప్యాంటూ షర్టూ, మావారికి ఏదో ఒకటి కొంటాను. ముందు అడిగితే ముగ్గురూ “ఏమీ వద్దు” అంటారు. పోయినేడు దుప్పటి కోసం బీరువా తీస్తే నేను పెట్టిన చీరలు ఐదు మడత విప్పకుండా కనిపించాయి. మనసు చివుక్కుమంది. మావారితో అంటే “అయితే కొనడం మానెయ్” అన్నారు, అక్కణ్నుంచి పెద్ద గొడవ. ఈసారి పదిహేను వేలు పక్కన పెట్టాను. పెద్దవాళ్లకి నిజంగా ఏం కావాలో తెలుసుకునేదెలా? నాకైతే ఎవరూ ఏమీ పెట్టరు. నోరు తెరిచి అడగాలంటే సిగ్గు.

జవాబు: ముందు ఆ ఐదు చీరల సంగతి చూద్దాం. వాటిని ఎప్పుడు చేతిలో పెట్టారు? 24 రాత్రి వెళ్లి అప్పుడే ఇచ్చి ఉంటే, తెల్లారి చర్చికి కట్టుకుందామన్నా ఆవిడకి వీల్లేదు. ఫాల్ కుట్టలేదు, జాకెట్టు లేదు. పండగ ముందు రెండు వారాలు టైలర్లు కొత్త గుడ్డ పట్టుకోరు. పండగ వెళ్లిపోయాక పట్టుచీరకి మళ్లీ ఏదో పెళ్లి రావాలి. ఈలోగా అది పెట్టుబడి చీరల దొంతరలోకి చేరిపోతుంది. మీరు పెట్టింది నచ్చక పక్కన పడేశారని అనుకోకండి. అడిగి చూస్తే జాకెట్టు కుట్టించలేదనే చెబుతారేమో.

కాబట్టి చీర మానొద్దు. క్రిస్మస్ ఉదయం కొత్త బట్టతో ఆరాధనకి వెళ్లడం ఆ తరానికి భక్తిలో భాగం, దాన్ని తీసేస్తే బాధపడతారు. కొనే తీరు మార్చండి. నవంబర్ మొదటి వారంలో చీర కొని, ఆది జాకెట్టు తెప్పించి, జిగ్‌జాగ్, ఫాల్, జాకెట్టు అన్నీ పూర్తి చేయించండి. షుగర్ ఉన్నవాళ్లకి భుజం పట్టేయడం ఎక్కువ. చెయ్యి వెనక్కి వెళ్లదు, అందుకని హుక్కులు ముందుకే ఉండాలి, చంకల దగ్గర అరంగుళం వదులు ఉండాలి. జరీ బరువుగా ఉండే పట్టు వద్దు. గంటల తరబడి కూర్చుని, ప్రార్థనకి లేచి నిలబడే మనిషికి మెత్తటి మంగళగిరి కాటన్ హాయిగా ఉంటుంది.

ఇక “ఏం కావాలి?” అని అడగడం మానేయండి. కన్నవాళ్లకి ఆ మాట వినగానే మీ ఖర్చే గుర్తొస్తుంది, అందుకే “వద్దు” అంటారు. దాని బదులు ఫోన్‌లో పనుల గురించి అడగండి: “అత్తయ్యా, పొద్దున లేచాక ఏ పనికి ఎక్కువ ఇబ్బందవుతోంది?” ఒక్కసారికి చెప్పరు. మూడు నాలుగు వారాలు మాటల్లో పెట్టి వినండి. వెళ్లినప్పుడు కళ్లతో చూడండి. స్నానాల గదిలోకి వెళ్తూ గోడ పట్టుకుంటున్నారా? మామయ్య బైబిల్ చదవడానికి ట్యూబ్‌లైటు కిందికి కుర్చీ జరుపుకుంటున్నారా? పెద్దవాళ్లు చెప్పడం మానేసిన ఇబ్బంది ఎక్కడుందో అక్కడే మీరు కొనాల్సింది ఉంటుంది.

అత్తయ్యకి చీరకన్నా ముందు చెప్పులు చూడండి. షుగర్ వల్ల అరికాళ్లలో స్పర్శ తగ్గితే చెప్పు జారిపోయినా తెలియదు, రాయి గుచ్చుకున్నా తెలియదు. పుండు పడ్డాకే తెలుస్తుంది. ఎంసీఆర్ (మైక్రో సెల్యులార్ రబ్బర్) చెప్పులని అడగండి, అడుగు మెత్తగా ఉంటుంది. కొలత సాయంత్రమే తీయాలి, అప్పటికి పాదాలు కాస్త ఉబ్బుతాయి. నేల మీద తెల్లకాగితం పరిచి, ఆవిణ్ని దాని మీద నిలబెట్టి, పెన్సిల్ నిటారుగా పట్టుకుని రెండు పాదాల చుట్టూ గీయండి. రెండింట్లో పెద్దదాన్ని తీసుకుని, పొడవుకి ఒక సెంటీమీటరు కలపండి. వెనక పట్టీ ఉండాలి, లేకపోతే కాలు బయటికి వచ్చేస్తుంది. బకిల్ వద్దు. చర్చి గుమ్మం దగ్గర విప్పి మళ్లీ వేసుకోవాలంటే వెల్‌క్రో పట్టీయే తేలిక. మొదటి వారం రోజుకి గంట, రెండు గంటలే వేసుకోమనండి. విప్పాక ఎక్కడైనా ఎర్రబడిందేమో మీరో మామయ్యో చూడాలి. పుండు ఇప్పటికే ఉంటే కొనకుండా డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి.

మామయ్యకి పెద్ద అక్షరాల బైబిల్ కొనాలని ఎవరికైనా తోస్తుంది. మంచిదే, కానీ ముందు కంటి పరీక్ష చేయించండి. శుక్లం ఉంటే అక్షరం ఎంత పెద్దదైనా మసకగానే ఉంటుంది. రెండు కళ్లకీ పవర్ తేడా ఉంటే బజార్లో దొరికే రెడీమేడ్ కళ్లజోడుతో తలనొప్పే మిగులుతుంది. పరీక్ష, కళ్లజోడు అయ్యాక బైబిల్ కొనండి, దాంతో పాటు చెక్క స్టాండు కూడా. పెద్ద అక్షరాల ప్రతి బరువుగా ఉంటుంది, ఒళ్లో పెట్టుకుంటే పది నిమిషాలకే మెడ లాగేస్తుంది.

స్నానాల గదిలో పట్టుకునే స్టీలు రాడ్డు అవసరమైతే నేల నుంచి 33 నుంచి 36 అంగుళాల ఎత్తులో, గోడలోకి బోల్టులు దింపి బిగించాలి. రబ్బరు కప్పులతో అంటుకునేవి వద్దు, సరిగ్గా బరువు వేసినప్పుడే ఊడొస్తాయి. టవల్ రాడ్డు కూడా మనిషి బరువు ఆపదు. డ్రిల్లింగ్ మిషన్‌కి ముందు టైల్ బిట్ పెట్టి టైల్‌కి నెమ్మదిగా రంధ్రం చేసి, ఆ తర్వాతే గోడలోకి హ్యామర్ మోడ్‌లో (కొడుతూ తిరిగేలా) వెళ్లాలి, లేదంటే టైల్ పగులుతుంది.

ఇక్కడ చాలామంది పొరపాటు చేస్తారు. ఇలాంటి వస్తువుల్ని మెరుపు కాగితంలో చుట్టి పండగ రోజు అందరి ముందూ ఇస్తారు. ఆడపడుచులూ మనవలూ చూస్తుండగా ఎంసీఆర్ చెప్పులు విప్పి చూసుకోవడం ఏ తల్లికీ బాగుండదు, ముసలిదానివయ్యావని పదిమందిలో చెప్పినట్టు ఉంటుంది. చెప్పులు, కళ్లజోడు, రాడ్డు నవంబర్‌లోనే, ఇంట్లో మనుషులు లేనప్పుడు, ముందు వాళ్ల ఒప్పుదల తీసుకుని అమర్చండి. క్రిస్మస్ ఉదయం కుట్టించిన చీర చేతికివ్వండి.

ఇంకొకటి, ఖర్చు తక్కువే కానీ మామయ్య బాగా సంతోషించేది. బ్యాంకులో కొత్త ఇరవై రూపాయల నోట్ల కట్ట అడిగి తీసుకోండి, వంద నోట్లు, రెండు వేలు. కేరల్స్ పాడుతూ వచ్చే పిల్లలకీ, మనవలకీ, పాలవాడికీ ఆయన తన చేత్తో ఇస్తారు. పదవీ విరమణ చేసిన మనిషికి తీసుకోవడం కన్నా ఇవ్వగలగడంలోనే పెద్దరికం. పండగ దగ్గరపడితే కొత్త నోట్లు దొరకవు, డిసెంబర్ మొదట్లోనే వెళ్లండి.

“మీరొస్తే చాలు” అని కూడా అంటుంటారు కదా, దాన్ని మర్యాద మాటగా తీసేయకండి. 24 రాత్రి వచ్చి 25 సాయంత్రం వెళ్లిపోతే వాళ్లకి దక్కేది వంటల హడావుడి మాత్రమే. 22న బయల్దేరండి. రైలు రిజర్వేషన్ ఇప్పుడు 60 రోజుల ముందే తెరుస్తున్నారు, అంటే అక్టోబర్ 23న.

మీవారి “ఏమీ వద్దు”ని మాత్రం సగం నమ్మొచ్చు. సంపాదించే మగవాళ్లలో చాలామంది చిన్నవి కావాల్సినప్పుడే కొనేసుకుంటారు. వాళ్లకి దొరకనిది ఖాళీ. ఆయన్ని “రెండింట్లో ఏది?” అని అడగండి: 26న పనులేవీ చెప్పకుండా రోజంతా చిన్ననాటి స్నేహితులతో వదిలేయాలా, ఆఫీసుకి మంచి బూట్లు కొనాలా? ఊరికే అడిగితే రాని జవాబు దీనికి వస్తుంది. చీరల గొడవ కూడా ఆ పూటే తేల్చుకోండి: “మానెయ్ అన్నప్పుడు నా కష్టం లెక్కలేదనిపించింది” అని ఒక్క వాక్యం చాలు, పాతవి తవ్వొద్దు.

చివరికి మీ గురించి. ఉత్తరంలో ఆఖరి రెండు వాక్యాల్లో సర్దేశారు కానీ నాకు అన్నిటికన్నా బరువుగా తోచింది అదే. పదకొండేళ్లుగా ఏమీ అడగని మనిషికి ఏమీ అక్కర్లేదనే ఇంట్లోవాళ్లు అనుకుంటారు, మీ అత్తయ్య విషయంలో జరిగింది కూడా ఇదే. డిసెంబర్ 5 లోపు మీవారికి వస్తువు పేరు, రంగు, సైజు, దుకాణం రాసి ఇవ్వండి. సూచనలు వద్దు, సూటిగా రాయండి. వస్తువు కాకుండా విశ్రాంతి కావాలంటే అది కూడా రాయండి. అరిసెలు రెండు వారాలు నిలవుంటాయి, పాకం పట్టడానికి ఎలాగూ ఇద్దరు కావాలి. కాబట్టి ఆడపడుచుని 20వ తేదీకే అత్తయ్య దగ్గర కూర్చుని చేసేయమనండి. మిగిలిందల్లా గారెలు, బిర్యానీ. గారెలకి 24 రాత్రి పప్పు నానబోసేది మీరైతే, 25 తెల్లవారుజామున లేచి రుబ్బేది మీవారని ముందే మాట తీసుకోండి. ఆరాధనకి మీరు తీరిగ్గా తయారై, పొయ్యి సెగ తగలని కొత్త చీరతో వెళ్లొచ్చు.